మద్రాసా, బెంగళూరా?

ఒకటి మంచిది, ఒకటి కానిది అయితే ఎంచుకోవడం ఎవరికైనా వచ్చు. రెండూ మంచివే అయినప్పుడే ఇంట్లో నిద్రలుండవు. పైగా ఈ బాధ బయటికి చెప్పుకునేది కూడా కాదు. "పెట్టిపుట్టారు, మీకు ఇదీ ఒక కష్టమేనా?" అంటారు. సీటు రాక కళ్లనీళ్లు పెట్టుకునే ఇళ్లు చుట్టూ ఎన్నో ఉండగా, రెండు సీట్లు వచ్చి తల పట్టుక్కూర్చున్నాం అంటే వినేవాళ్లకి ఒళ్లు మండదూ? అందుకే మొన్న జూన్‌లో మా ఇంట్లో జరిగిన తర్జనభర్జన గురించి అప్పట్లో ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు పిల్ల చేరింది, కాస్త కుదురుకుంది. వచ్చే ఏడాది ఇదే వంతు వచ్చే అమ్మలు ఉంటారు కదా, వాళ్లకేమైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మా పెద్దమ్మాయికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఐఐటీ మద్రాసులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, నాలుగేళ్ల బీటెక్. రెండోది బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, అంటే ఐఐఎస్సీలో బీఎస్ రీసెర్చ్. అదీ నాలుగేళ్లే. ఐఐటీలన్నిటికీ కలిపి జోసా అని ఒకటే కౌన్సెలింగ్ ఉంటుంది. ఐఐఎస్సీ అందులోకి రాదు. దాని దరఖాస్తు దానిదే, దాని గడువు దానిదే. కాబట్టి రెండు సీట్లు ఒకేసారి చేతిలో ఉన్నాయి కానీ, రెండింటినీ పట్టుకుని కూర్చోవడానికి మాకున్నది వారం పది రోజులు.

నెల్లూరులో ఐఐటీ అంటే తెలియని ఇల్లు లేదు. ఎల్‌కేజీ పిల్లాడి బ్యాగు మీద కూడా 'ఐఐటీ ఫౌండేషన్' అని ఉంటుంది. ఐఐఎస్సీ అంటే మాత్రం "అదేంటి? డిగ్రీ కాలేజీనా?" అన్నవాళ్లే ఎక్కువ. నిజానికి రెంటిలో అదే పెద్దది వయసులో. జంషెడ్జీ టాటా సంకల్పంతో, మైసూరు రాజకుటుంబం ఇచ్చిన 371 ఎకరాల్లో, 1909లో మొదలైంది. ఇప్పటికీ బెంగళూరులో పాతవాళ్లు దాన్ని టాటా ఇన్‌స్టిట్యూట్ అనే అంటారు. అయితే ఇంటర్ అయిన పిల్లల్ని తీసుకోవడం 2011లోనే మొదలుపెట్టారు. అంతకుముందు వందేళ్లూ అది పై చదువుల వాళ్లదే. మనవాళ్లకి పేరు తెలియకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఐఐటీ మద్రాసు 1959లో, అప్పటి పశ్చిమ జర్మనీ సాయంతో వచ్చింది. గిండీ అడవి పక్కనే ఆరొందల ఎకరాల పైన.

ఏది గొప్ప అని ర్యాంకులు చూద్దామా అంటే, అక్కడా తేలలేదు. కేంద్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితాలో ఐఐటీ మద్రాసు 2019 నుంచి మొత్తం మీద మొదటిది. ఇంజనీరింగ్‌లో 2016 నుంచీ అదే మొదటిది. విశ్వవిద్యాలయాల జాబితా తీస్తే, 2016 నుంచీ ఐఐఎస్సీ మొదటిది. ఇద్దరూ ఫస్టే! మా చిన్నాడు అది చూసి, "అమ్మా, బొమ్మా బొరుసూ వేసెయ్యండి, గొడవుండదు" అన్నాడు.

వాడు వేయమన్నాడు కానీ, ఈలోపు చుట్టాలు బొరుసు లేని నాణేలు పట్టుకొచ్చారు.

మొదట మా ఆడపడుచు ఫోను. "ఏంటి, ఐఐటీ వచ్చిన పిల్లని బీఎస్సీలో వేస్తారంటగా?" అంది. "బీఎస్సీ కాదు వదినా, బీఎస్" అన్నాను. "సీ తీసేస్తే మారిపోతుందా?" అంది. ఆవిడ తప్పేం లేదు. మనకి బీటెక్ అనేది చదువు పేరు కాదు, అదొక హోదా. మా మరిది అమెరికా నుంచి వీడియో కాల్ చేసి ప్యాకేజీల సంగతి చెప్పాడు. "ఐఐటీ ఎలక్ట్రికల్ అంటే చిప్ కంపెనీలు క్యాంపస్‌కే వస్తాయి వదినా, బీఎస్ చేస్తే మళ్లీ పీహెచ్‌డీ దాకా ఆగాలి" అన్నాడు. అందులో నిజముంది. ఐఐఎస్సీలో బీఎస్ చేసినవాళ్లు ఎక్కువమంది పై చదువులకే వెళతారు. మా అత్తయ్య ఆ లెక్కని ఇంకో వైపు నుంచి వేశారు. "నాలుగేళ్లు ఇది, ఇంకో ఐదారేళ్లు అది. అప్పటికి పిల్లకి ఇరవై ఎనిమిది. మరి పెళ్లి?" పద్దెనిమిదేళ్ల పిల్ల కాలేజీ ఎంచుకుంటుంటే మధ్యలో పెళ్లికొడుకు ఎందుకొచ్చాడో నాకు అర్థం కాలేదు కానీ, మన ఇళ్లలో ఆడపిల్ల చదువు లెక్కలో ఆ అంకె లేకుండా ఎప్పుడు కూడారు గనక!

ఇంకో మాట కూడా వచ్చింది. మా బంధువుల్లోనే ఒకాయన, "అమ్మాయిల సీటు కదా, అందుకే ఎలక్ట్రికల్ వచ్చింది" అన్నాడు. పిల్ల వింది. ఆ పూట అన్నం సగంలో లేచిపోయింది. ఈ సంగతి మనం సరిగ్గా తెలుసుకుని ఉండాలి, ఎందుకంటే ఐఐటీలో చేరే ప్రతి అమ్మాయీ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వింటుంది. ఐఐటీల్లో అమ్మాయిలు మరీ తక్కువగా ఉన్నారని 2018 నుంచి వాళ్లకోసం కొన్ని సీట్లు అదనంగా కలిపారు. మొదటి ఏడాది కనీసం 14 శాతం అమ్మాయిలు ఉండేలా, ఆ తర్వాత 17, 2020కి 20 శాతం. ఇవి ఉన్న సీట్లకి అదనం. అబ్బాయిల సీటు ఒక్కటి కూడా తీసి ఇచ్చింది కాదు. రాసే పరీక్షా అదే, ఒకే రోజు మూడేసి గంటల రెండు పేపర్లు. నేను ఇదంతా పిల్లకి చెప్పలేదు, దానికి తెలుసు. ఆయనకే ఫోన్ చేసి చెప్పాను.

మా ఆయన ఎవరి మాటా పట్టించుకోకుండా కాయితం, పెన్ను తీసుకున్నారు. ఆయన లెక్క ఆయనది. ఐఐటీలో ట్యూషన్ ఫీజే ఏడాదికి 2 లక్షలు. నాలుగేళ్లకి 8 లక్షలు. హాస్టలు, మెస్సు, రానూపోనూ ఖర్చులు వేరే. ఆదాయం తక్కువున్న ఇళ్లకి ఫీజులో రాయితీ ఉంది కానీ, మేము ఆ గీతకి కొంచెం పైన ఉన్నాం. ఐఐఎస్సీ బీఎస్‌కి ట్యూషన్ ఫీజు అందులో చిన్న ముక్క. పైగా మూల విజ్ఞాన శాస్త్రాలు చదివే పిల్లలకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 80,000. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో పదివేల లోపు ర్యాంకు వచ్చి సైన్సులో చేరితే దానికి అర్హత ఉంటుంది. అంటే బెంగళూరు దాదాపు మన చేతి నుంచి పడకుండానే అయిపోతుంది. మద్రాసు అంటే బ్యాంకు లోను. వెనకాల చిన్నాడు ఉన్నాడు. ఆయన నోరు తెరిచి బెంగళూరు అనలేదు కానీ, కాయితం మడిచి జేబులో పెట్టుకున్న తీరులోనే తెలిసింది.

మరి నా సంగతి? నా మనసు కూడా బెంగళూరు వైపే ఉంది, డబ్బు కోసం కాదు. నాకు ఫిజిక్స్ రాదు, నేను చదివింది బీఏ తెలుగు. కానీ కమలా సొహోనీ కథ నాకెప్పుడో పత్రికలో చదివినప్పటి నుంచి మనసులో ఉండిపోయింది. 1933లో ఆవిడ బొంబాయిలో బీఎస్సీ ప్రథమ శ్రేణిలో పాసై ఐఐఎస్సీకి దరఖాస్తు పెట్టుకుంటే, అప్పటి డైరెక్టర్ సి.వి. రామన్ ఆడపిల్ల అని కాదన్నారు. ఆవిడ వెనక్కి పోలేదు. పట్టుబట్టింది. చివరికి షరతుల మీద చేర్చుకున్నారు, మొదటి ఏడాది పరిశీలనలో ఉండాలని. ఆవిడ అక్కడ పరిశోధించింది దేని మీదనుకున్నారు? పాలు, పప్పుల్లోని మాంసకృత్తుల మీద. మనం రోజూ కడిగి పొయ్యి మీద పెట్టే పప్పులు! తర్వాత కేంబ్రిడ్జికి వెళ్లి 1939లో పీహెచ్‌డీ తెచ్చుకుంది. ఆ తర్వాత రామన్ దగ్గరే అన్నా మణి పనిచేసింది. వజ్రాలు, కెంపుల మీద పరిశోధన చేసి వ్యాసాలు అచ్చేసినా, ఎమ్మెస్సీ లేదని మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇవ్వలేదు. ఆ డిగ్రీ లేకుండానే ఆవిడ మన వాతావరణ శాఖలో పరికరాల తయారీకి దారి చూపింది. ఆ ప్రాంగణంలో నా కూతురు నడుస్తుందంటే, వంటింట్లో నిలబడి ఉన్నా నాకు ఒళ్లు పులకరించేది.

ఆ రోజుల్లో మా అమ్మాయి మాత్రం ఏమీ అనేది కాదు. ఎవరు ఏది చెప్పినా "ఊఁ" అనేది. నాన్న ముందు బెంగళూరుకి ఊఁ, బాబాయి ముందు మద్రాసుకి ఊఁ. జేఈఈ కోసం రెండేళ్లు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఎవరో వేసిన టైం టేబుల్ ప్రకారం నడిచిన పిల్ల. ఏ చాప్టర్ ఎప్పుడు చదవాలో, ఏ పరీక్ష ఎప్పుడు రాయాలో అన్నీ కాలేజీయే చెప్పేది. అలా నడిపించి నడిపించి, ఇప్పుడు ఒక్కసారిగా "నీ ఇష్టం తల్లీ" అంటే, ఇష్టం అనేది బీరువాలో పెట్టిన పట్టుచీరలా తీయగానే వస్తుందా?

ఒక రాత్రి నేను చిన్నాడి రఫ్ నోటుబుక్కులో ఒక పేజీ తీసి, అప్పటిదాకా విన్న కారణాలన్నీ రాశాను. ప్రతి కారణం పక్కన అది ఎవరిదో రాశాను. ఐఐటీ పేరు, అత్తది. ప్యాకేజీ, బాబాయిది. పెళ్లి ఆలస్యం అవుతుందని, నాయనమ్మది. ఫీజు, నాన్నది. నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటలే, జ్వరమొస్తే పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరుకోవచ్చు, ఇదీ నాయనమ్మదే. బెంగళూరైతే రాత్రంతా బస్సు. కమలా సొహోనీ, అమ్మది. పేజీ నిండింది. దాని ముందు పెట్టాను. చదువుకుని చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "ఇందులో నాది ఒక్కటీ లేదు కదమ్మా" అంది.

అదీ అసలు సంగతి. ఇంట్లో అందరికీ కారణం ఉంది, వెళ్లాల్సిన దానికి తప్ప.

ఆ పేజీ చించి పక్కన పెట్టి, కొత్త పేజీ ఇచ్చాను. మూడు రోజులు చుట్టాల ఫోన్లు నేనే ఎత్తుతానని చెప్పాను. ఎవరు అడిగినా "ఇంకా చూస్తున్నామండీ" అనే మాట తప్ప ఇంకోటి అనలేదు. అది నేను చేయగలిగిన పని, చేశాను.

పుస్తకం కొనే ముందు విషయసూచిక చూడటం నాకు చిన్నప్పటి అలవాటు. అట్ట మీద బొమ్మ, ముందుమాట రాసిన పెద్దవాళ్ల పేర్లు చూసి కొంటే ఒక్కోసారి ఇంటికొచ్చాక చదవబుద్ధి కాదు. అదే పని ఇక్కడా చేద్దామన్నాను. రెండు చోట్ల ఏ సెమిస్టర్‌లో ఏం చెబుతారో వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉంటుంది. ఆ జాబితాలు ప్రింటు తీయించాం. ఐఐఎస్సీలో మొదట్లో అందరూ ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలతో పాటు బయాలజీ కూడా చదవాలి. మేజర్ ఎంచుకోవడం ఆ తర్వాతే. చివరి ఏడాది ఒక ప్రొఫెసర్ దగ్గర చేరి సొంతంగా పరిశోధన చేసి థీసిస్ రాయాలి. మొత్తం బీఎస్‌లో ఏడాదికి చేరేది వంద మందికి కాస్త పైన. ఐఐటీ మద్రాసులో ఏడాదికి వెయ్యి మంది పైన చేరతారు. మొదటి రోజు నుంచే బ్రాంచి ఖాయం. సర్క్యూట్లు, సిగ్నల్స్, ఎలక్ట్రికల్ మెషీన్లు, కంట్రోల్ సిస్టమ్స్, ఇలా ఒకదాని మీద ఒకటి.

"మార్కులు లేకపోయినా, ఎవరూ చూడకపోయినా వెళ్లి కూర్చుని వినాలనిపించే వాటికి టిక్కు పెట్టు" అన్నాను. రెండు జాబితాల్లోనూ టిక్కులు వచ్చాయి. బెంగళూరు కాయితంలోనే నాలుగు ఎక్కువ. నా లోపల కాస్త సంతోషం వేసింది కానీ పైకి తేలనివ్వలేదు.

తర్వాత మేమిద్దరం చుట్టి వచ్చాం, నెల్లూరు నుంచి బెంగళూరు, అక్కణ్నుంచి మద్రాసు, మళ్లీ ఇంటికి. సీటు తీసుకునే ముందు ఒకసారి కళ్లతో చూడటం అందరికీ కుదరకపోవచ్చు. కుదిరితే మాత్రం వెళ్లండి. గేటు ముందు ఫొటో కోసం కాదు, లోపల చదువుతున్న పిల్లలతో మాట్లాడటానికి. బెంగళూరులో తెలిసినవాళ్ల అమ్మాయి చూపించింది. పెద్ద పెద్ద చెట్లు, మెయిన్ బిల్డింగ్ ముందు టాటా విగ్రహం, ఊరి హోరు గేటు బయటే ఆగిపోయినట్టు. మా పిల్ల అడిగింది, "ఇక్కడ కష్టం ఏంటక్కా?" అని. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "నాకు తెలియదు అనడానికి ఇక్కడ సిగ్గుపడక్కర్లేదు. కానీ ఆ తెలియనిదాన్ని ముందు పెట్టుకుని నెలల తరబడి కూర్చోగలగాలి. ఒక్కోసారి చివర్లో కూడా తెలియదు" అంది. ఎంత నిజాయితీగా చెప్పిందో!

మద్రాసులో మా వీధి అమ్మాయే ఉంది, మూడో ఏడాది. అక్కడ హాస్టళ్లకి నదుల పేర్లు. ఆ పిల్ల ఉండేది శరావతిలో. రోడ్డు పక్కన జింకలు ఏ భయమూ లేకుండా మేస్తున్నాయి. కోతులు కూడా ఉన్నాయి, కిటికీ తెరిచి పెడితే ఏం మిగలదంది. సెంటర్ ఫర్ ఇన్నోవేషన్ అని పిల్లలే నడుపుకునే పెద్ద వర్క్‌షాపు గురించి చెప్పింది. ఆ క్యాంపస్‌లో మొదలైన అగ్నికుల్ అనే కంపెనీ, త్రీడీ ప్రింటింగ్‌తో ఒకే ముక్కగా తయారుచేసిన ఇంజన్‌తో 2024 మే 30న మన శ్రీహరికోట నుంచే రాకెట్ పంపింది. అంతకుముందు కొన్నిసార్లు ఆఖరి నిమిషంలో ఆగిపోయింది కూడా. ఇక్కడా మా పిల్ల అదే ప్రశ్న వేసింది. "ఇక్కడ అన్నీ ఉంటాయి. క్లబ్బులు, పోటీలు, ఇంటర్న్‌షిప్‌లు, పక్కవాళ్ల ప్యాకేజీలు. నీకు ఏం వద్దో తెలియకపోతే నాలుగేళ్లు పరుగెత్తడంతోనే సరిపోతుంది" అందా అమ్మాయి.

తిరుగు రైల్లో గూడూరు దాటాక మా పిల్ల తనంతట తానే మొదలుపెట్టింది.

"అమ్మా, మిగ్‌జాం తుపాను గుర్తుందా?"

గుర్తులేకేం. 2023 డిసెంబరు. అది బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, దానికి ముందు మన నెల్లూరు వైపు కుమ్మేసింది. కాలేజీలకి సెలవులు. మా వీధిలో రెండు రాత్రులు కరెంటు లేదు. ఎదురు వీధిలో మాత్రం లైట్లు వెలుగుతున్నాయి. ఇన్వర్టర్ అయిపోయి, మోటారు లేక, బిందెలతో నీళ్లు మోసుకున్నాం. మూడో రోజు లైన్‌మన్ వచ్చినప్పుడు మా పిల్ల గొడుగు వేసుకుని వెళ్లి, వాళ్లకి ఉండి మాకెందుకు లేదని అడిగింది. "వాళ్ల ఫీడర్ వేరు, మీ ఫీడర్ వేరమ్మా" అన్నాడట. మరి తీగ ఎక్కడ తెగిందో మీకెలా తెలుస్తుంది అంటే, "ఏముంది, స్తంభం స్తంభం చూసుకుంటూ నడవడమే" అన్నాడట.

"ఆ వానలో, మోకాళ్ల లోతు నీళ్లలో, కరెంటు ఉందో లేదో తెలియని తీగల కింద నడుచుకుంటూ వెతకాలా అమ్మా? ఎక్కడ తెగిందో తీగే చెప్పాలి కదా. అప్పుడు అనుకున్నాను. తర్వాత పరీక్షల్లో పడి మర్చిపోయాను. ఇందాక ఆ అక్క వాళ్ల ల్యాబ్ గురించి చెబుతుంటే గుర్తొచ్చింది" అంది. తర్వాత కిటికీలోంచి చూస్తూ, "నాకు తెలుసుకోవడం ఇష్టమే. బెంగళూరు అక్క చెప్పినట్టు కూర్చోగలను కూడా. కానీ తెలుసుకున్నది ఎవరింట్లోనో పనిచేయడం చూడాలనుంది. నాకు మద్రాసు కావాలి" అంది.

టిక్కులు బెంగళూరుకే ఎక్కువ ఉన్నాయి కదా అని ఒక్కసారి గుర్తుచేశాను. "అవి వినాలనిపించేవి. ఇది చేయాలనిపించేది" అంది. ఇక నేనేం మాట్లాడతాను?

ఇంటికొచ్చాక నేనిచ్చిన కొత్త పేజీలో అదే రాసింది. నాలుగు వాక్యాలు. మా ఆయన చదివి, జేబులోంచి తన కాయితం తీసి దాని పక్కన పెట్టారు. కాసేపు రెండూ చూసి, "సరే, రేపు బ్యాంకుకి వెళ్దాం" అన్నారు. దానికి ఒక షరతు మాత్రం పెట్టారు, లోను ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటి నుంచి కట్టాలి అన్నీ పిల్ల కూడా కూర్చుని తెలుసుకోవాలని. మంచి షరతే. ఎంచుకున్నదాని ధర కూడా తెలిసి ఎంచుకోవాలి.

జోసాలో సీటు వచ్చాక మూడు మాటలుంటాయి, ఫ్రీజ్, స్లైడ్, ఫ్లోట్. ఇదే సీటు చాలు అంటే ఫ్రీజ్. ఇదే కాలేజీలో ఇంకా మంచి బ్రాంచి వస్తే మారతాను అంటే స్లైడ్. వేరే కాలేజీకైనా సరే అంటే ఫ్లోట్. మా మరిది స్లైడ్ పెట్టమన్నాడు, తర్వాతి రౌండ్లో కంప్యూటర్ సైన్స్ తగులుతుందేమోనని. పిల్ల ఫ్రీజ్ నొక్కింది. బెంగళూరు సీటు వద్దని చెప్పేసింది. ఆ మెయిల్ పంపేటప్పుడు నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నాను. లోపల కొంచెం కలుక్కుమంది. అంతే. కమలా సొహోనీ మీద ఇష్టం నాది. దాన్ని తీర్చే బాధ్యత నా కూతురిది కాదు.

ఇంతలో చుట్టాలందరూ గెలిచారు! "చూశావా, ఐఐటీయే కరెక్ట్ అన్నానా" అని ఆడపడుచు, "ప్యాకేజీ ఫోటో పంపుతావుగా" అని మరిది. మా ఆయనకి నవ్వొచ్చింది. నాకైతే వాళ్లకి ఒక మాట చెప్పాలనిపించింది, చెప్పాను కూడా. "వదినా, అది వెళ్లింది మీరు చెప్పిన చోటుకే, కానీ మీరు చెప్పినందుకు కాదు" అన్నాను. "రెండిటికీ తేడా ఏంటి?" అంది ఆవిడ.

ఆ తేడా ఏంటో నాకు సెప్టెంబరులో ఇంకా బాగా తెలిసింది. ఐఐటీ మద్రాసులో సెమిస్టర్ మధ్యలో క్విజ్‌లు అని పరీక్షలుంటాయి. పేరు క్విజ్ కానీ టీవీ క్విజ్ లాంటివి కావు. మొదటి క్విజ్‌లో లెక్కల్లో మా అమ్మాయికి ఎన్నడూ రానన్ని తక్కువ మార్కులు వచ్చాయి. ఇంటర్‌లో ఒక్క మార్కు పోతే ఎక్కడ పోయిందా అని వెతికిన పిల్ల. రాత్రి పదకొండుకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేదు, ఏడుపు మాత్రమే వినిపించింది. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. మూడు గంటల దూరమే కానీ, ఆ రాత్రి అది ఎంత దూరమో! ఏదో చెప్పబోయాను. అదే అంది, "ఏం చెప్పకమ్మా, ఊరికే లైన్‌లో ఉండు. నేనే కదా ఎంచుకున్నది. చదువుతాలే."

ఆ మాటే, ప్యాకేజీ కోసం వెళ్లిన పిల్ల అయితే "బాబాయి మాట విని వచ్చాను" అని ఉండేది. ఫీజు చూసి బెంగళూరు వెళ్లి అక్కడ ఏదైనా తేడా వస్తే, "నాన్న కోసం ఒప్పుకున్నాను" అని ఉండేది. నా కోసం వెళ్లి ఉంటే నన్ను అని ఉండేది, లేదా నన్ను అనలేక లోపలే దాచుకుని ఉండేది. అది ఇంకా భయం. ఎంత గొప్ప చోటైనా గడ్డు రోజులు రాకుండా ఉండవు. ఆ రోజు హాస్టల్ గదిలో అమ్మా నాన్నా ఉండరు, అత్తలూ బాబాయిలూ ఉండరు. పిల్ల దగ్గర ఉండేది తను ఎందుకొచ్చిందో ఆ కారణం ఒక్కటే. అది సొంతదై ఉండాలి. అరువు తెచ్చిన కారణం అలాంటి రాత్రి పనికిరాదు.

బెంగళూరుకి వెళ్లి ఉంటే ఎలా ఉండేది అని ఎవరైనా అడిగితే, బాగానే ఉండేది అంటాను. మా వీధిలోనే ఇంకో పిల్లకి ఇదే రెండు సీట్లు వచ్చి ఉంటే, తన సొంత కారణంతో ఐఐఎస్సీ ఎంచుకుని ఉంటే, అదీ అంతే సరైనది. ఈ రెంటిలో ఏది మేలని మీరు నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ వచ్చే జూన్‌లో మీ ఇంట్లో ఇలాంటి పది రోజులు వస్తే, ఒక పేజీ తీసుకుని కారణాలన్నీ రాయండి, పక్కన ఎవరివో రాయండి. పిల్ల పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. రాకపోతే కంగారు పడకండి, అరవకండి. రెండేళ్లు తన ఇష్టాన్ని పక్కన పెట్టమన్నది మనమే కదా, అది తిరిగి రావడానికి రెండు మూడు రోజులైనా ఇవ్వాలి. ఆ రోజుల్లో ఫోన్లు మీరు ఎత్తండి.

రెండో క్విజ్‌లో మార్కులు కాస్త మెరుగుపడ్డాయట. దసరాకి వచ్చినప్పుడు మా పిల్ల చేసిన మొదటి పని, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి తమ్ముడికి ఏదేదో వివరించడం. వాడు అర్థమైనట్టు తలూపుతున్నాడు. నాకు గుమ్మంలోంచి మాటలు వినబడలేదు. చేతులు తిప్పుతూ చెబుతున్న తీరు మాత్రం కనబడింది.